కంటి పక్కన చిన్న గడ్డ: భయం వద్దు, ఆలస్యమూ వద్దు



తలస్నానం చేయిస్తున్నప్పుడు పాప కనుబొమ చివర బఠాణీ గింజంత గడ్డ చేతికి తగులుతుంది. నొప్పి లేదు, ఎరుపు లేదు. కంటికురుపేమో, అదే పోతుందిలే అనుకుంటాం. కురుపయితే నొప్పి ఉంటుంది, సాధారణంగా వారం రెండు వారాల్లో తగ్గిపోతుంది. తగ్గకుండా అలాగే ఉంటే కంటి డాక్టరుకు చూపించాల్సిందే.

పిల్లల కంటి గూటిలో, దాని చుట్టూ వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. అలాగని వదిలేయకూడదు. ఏడెనిమిదేళ్ల వయసు వరకు మెదడు చూడటం నేర్చుకుంటూ ఉంటుంది. గడ్డ బరువుకు రెప్ప వాలినా, కనుగుడ్డు మీద ఒత్తిడి పడి సైటు వచ్చినా మెదడు ఆ కన్నును వాడటం మానేస్తుంది. దీన్నే లేజీ ఐ అంటారు. ఆలస్యమైతే, గడ్డ పోయినా చూపు పూర్తిగా రాకపోవచ్చు.

తరచుగా కనిపించేవి రెండు

డెర్మాయిడ్ సిస్ట్: ఇది పుట్టుకతోనే ఉంటుంది. బిడ్డ కడుపులో ఉండగా, పుర్రె ఎముకలు కలిసే చోట కొంచెం చర్మం చిక్కుకుపోయి సంచిలా మారుతుంది. లోపల జిడ్డు, వెంట్రుకలు ఉంటాయి. నెమ్మదిగా పెరుగుతుంది. మందులతో కరగదు. ఆపరేషన్ చేసి, సంచి పగలకుండా మొత్తం తీస్తారు. పగిలితే చుట్టూ వాపు వస్తుంది. అందుకే నొక్కకండి, సూదితో పొడవకండి. పసర్లు, సున్నం, వాతలు అసలే వద్దు.

హెమాంజియోమా: ఇది రక్తనాళాల గడ్డ. పుట్టిన కొద్ది వారాల్లో ఎర్రగానో నీలంగానో కనిపిస్తుంది. బిడ్డ ఏడిస్తే ఉబ్బవచ్చు. మొదటి ఐదారు నెలల్లో వేగంగా పెరిగి, ఏడాది దాటాక మెల్లగా తగ్గుతూ వస్తుంది. చూపుకు ఇబ్బంది లేకపోతే డాక్టరు గమనిస్తూ ఉంటారు. ఉంటే ప్రొప్రనొలాల్ ఇస్తారు. ఇది గుండె జబ్బులకు, బీపీకి వాడే పాత మందు. గుండె సమస్యకు దీన్ని ఇచ్చిన పసిబిడ్డలో గడ్డ కూడా తగ్గిందని ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు 2008లో ప్రకటించారు. అంతకుముందు స్టెరాయిడ్లే ప్రధాన మందు. ప్రొప్రనొలాల్‌తో రక్తంలో చక్కెర, గుండె వేగం తగ్గవచ్చు. కాబట్టి డాక్టరు చెప్పిన మోతాదులోనే, పాలు పట్టించి మరీ ఇవ్వాలి.

డాక్టరు దగ్గర

ఎప్పుడు మొదలైంది, ఎంత వేగంగా పెరిగింది అనేవి డాక్టరు తప్పక అడుగుతారు. పాత ఫోటోలు తీసుకెళ్లండి, స్కూల్ ఐడీ కార్డులు కూడా పనికొస్తాయి. ఒక్కో కన్నుకు విడిగా చూపు, సైటు పరీక్షిస్తారు. గడ్డ లోతుగా ఉందనిపిస్తే స్కానింగ్ రాస్తారు. ఎంఆర్ఐకి కదలకుండా ఉండాలి కనుక చిన్నపిల్లలకు మత్తు ఇవ్వాల్సి రావచ్చు.

కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి, కడపలో రిమ్స్ కంటి విభాగం ఉన్నాయి. కంటి గూటి లోపలి గడ్డలయితే హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటి చోట ఆక్యులోప్లాస్టీ నిపుణులు చూస్తారు.

వెంటనే వెళ్లాల్సిన సందర్భాలు

• గడ్డ రోజుల్లోనే పెరుగుతుంటే
• కనుగుడ్డు ముందుకు పొడుచుకొస్తే
• నల్లగుడ్డు మధ్యలో తెల్లటి మెరుపు కనిపిస్తే
• జ్వరంతో పాటు రెప్ప వాస్తే

ఈ ఆదివారం మీ బిడ్డకు ఒక్కో కన్ను అరచేత్తో మూసి, గోడ మీది క్యాలెండర్ చదివించండి. చదువు రాని చిన్నపిల్లలయితే బొమ్మ చూపించండి. ఒక కన్ను మూసినప్పుడు మాత్రమే తడబడినా, మీ చెయ్యి తోసేసినా, రెండో కన్నులో చూపు తక్కువగా ఉందేమో డాక్టరుకు చూపించండి.