ఫారాలను గొలుసు కట్టిన యంత్రం

లావుపాటి నిఘంటువు ఒకటి, ఈమధ్య కొన్న గైడు ఒకటి పక్కపక్కన పెట్టి, నడిమి పేజీకి తెరిచి చూడండి. నిఘంటువు బల్లమీద వెల్లకిలా పడుకుంటుంది. గైడు చెయ్యి తీయగానే మూసుకుపోతుంది. గట్టిగా అదిమితే వెన్ను పగిలి కాయితాలు చేతికొస్తాయి. “రెండూ కాయితాలే కదా సార్, ఎందుకిలా?” అని తొమ్మిదో తరగతి పిల్ల అడిగింది. అట్ట ఊడిన పాత పుస్తకం ఒకటి తెచ్చి బ్లేడుతో విప్పాం.

విప్పితే బయటపడేవి విడి కాయితాలు కావు, ఫారాలు. పదహారు పేజీల ఫారమంటే ఒకదానిలో ఒకటి దూర్చి మడిచిన నాలుగు కాయితాలు. దారం ఆ మడత మధ్యలోంచి పోతుంది. చేతితో కుట్టే బైండరు సూదిని మడత వెంట లోపలికీ బయటికీ దూర్చుకుంటూ పోయి, చివర కింది ఫారానికి ముడేసి, పై ఫారం అందుకుంటాడు. పుస్తకమంతటికీ ఒకటే దారం. మూరెడు దారం లాక్కుంటూ సూదిని అటూ ఇటూ దాటించడం చేతికి తేలిక, యంత్రానికి మహా కష్టం.

ఇంగ్లీషులో బిబ్లియోపెజీ అనే అరుదైన పేరున్న ఈ బైండింగు విద్యలో ఆ చిక్కు విప్పినవాడు డేవిడ్ మెకానెల్ స్మైత్. ఐర్లాండులో పుట్టి అమెరికాలో స్థిరపడ్డాడు. 1868లో ఆయన తీసుకున్న పేటెంటుతో మొదలైన పని హార్ట్‌ఫర్డ్ ఊళ్లో కంపెనీగా ఎదిగింది. ఆ యంత్రాల్లో సూది మడతను పూర్తిగా దాటిపోదు. దిగుతుంది, దారాన్ని లోపల వదిలి, వచ్చిన దారినే పైకి పోతుంది.

ఈ కుట్టుయంత్రం పనిచేసే తీరు ఎంతసేపు చూసినా నాకు తనివి తీరదు. ఇంటికప్పులా రెండు వాలులున్న ఇనుప చెయ్యి మీద ఫారాన్ని తెరిచి వేస్తారు. చెయ్యి పైకి లేచి ఫారాన్ని సూదుల కిందికి చేరుస్తుంది. లోపలినుంచి మొనలు మడతకు బెజ్జాలు పొడుస్తాయి. దారమున్న సూది, దాని పక్కనే కొక్కెపు సూది, రెండూ పైనుంచి దిగుతాయి. లోపలికి వచ్చాక దారపు సూది వెంట్రుకవాసి వెనక్కి లేస్తుంది. అంతే, దారం వదులై చిన్న ఉచ్చు పడుతుంది. ఒక పలక ఆ ఉచ్చును పక్కకు లాగి కొక్కేనికి తగిలిస్తుంది. కొక్కెం తిరిగి పైకి లేచేటప్పుడు దాన్ని, కిందటి ఫారం నుంచి తన మెడలో వేలాడుతున్న పాత ఉచ్చులోంచి బయటికి లాగుతుంది. కొత్తది పాతదాన్ని బంధిస్తుంది, మరుసటి ఫారం రాగానే తానూ బందీ అవుతుంది. మనమ్మాయిలు ఎంబ్రాయిడరీలో వేసే గొలుసుకుట్టే ఇది! ప్రతి సూదిజంటకూ వేరే దారం కాబట్టి ఒక వరస తెగినా మిగతావి పుస్తకాన్ని పట్టుకునే ఉంటాయి. విప్పిన పుస్తకంలో నాలుగు వరసలు కనిపించాయి. పిల్లలు వేళ్లతో తడిమి మరీ లెక్కపెట్టారు.

దారానికి పోటీదారులు లేకపోలేదు. జర్మనీలో లైప్జిగ్‌లోని బ్రెమర్ సోదరులు దారానికి బదులు తీగ వాడారు. తీగ తుప్పుపట్టి మడతల్ని తినేసింది. ఇంగ్లండులో విలియం హాన్‌కాక్ 1836లోనే మడతలు కోసేసి, విడి అంచులను రబ్బరు ద్రావణంతో అతికించాడు. గాలి తగిలి రబ్బరు పెళుసెక్కి ఆకులు రాలాయి. కానీ ఆ ఆలోచన చావలేదు. 20వ శతాబ్దంలో మంచి జిగుర్లు రాగానే, చవక పుస్తకాల రాజ్యం దానిదే అయింది. మీ గైడు వెన్ను కూడా అదే.

అయితే జిగురు ఎంత మంచిదైనా, అది పట్టుకునేది కాయితపు అంచునే. ఆ అంచు మందం మిల్లీమీటరులో పదోవంతు. తెరిచిన ప్రతిసారీ లాగుడంతా అక్కడే పడుతుంది. కుట్టుపుస్తకంలో మడతలోని నారలు తెగకుండా ఉంటాయి, బరువు దారం మోస్తుంది, ఫారాలు ఒకదానిపై ఒకటి కదలగలవు. కుట్టుపుస్తకానికీ జిగురు ఉంటుంది: మనవైపు బైండర్లు కాలికో గుడ్డ అట్ట వేసేముందు వెన్నుకు మైలుతుత్తం కలిపిన మైదా జిగురు రాస్తారు. అక్కడ దాని పని వెన్ను ఆకారం చెదరకుండా చూడడం, పురుగును దూరంగా ఉంచడం.

ఇప్పటి యంత్రాలు నిమిషానికి 200 ఫారాల దాకా కుడతాయి. ఖర్చు మాత్రం జిగురుకన్నా ఎక్కువే. పదేపదే తిరగేసే నిఘంటువుకైనా, పద్యకావ్యానికైనా ఆ నాలుగు రూపాయలు పెట్టమని మన ప్రచురణకర్తలను అడుగుతున్నాను. కొనేవాళ్లు ఫారం నడిమి మడత తెరిచి చూడండి, దారం కనబడాలి.