రొటేటర్ కఫ్ చిరుగు

భుజం కీలులోని బంతిని గుంతలో నిలిపి ఉంచే నాలుగు కండరాల స్నాయువుల పట్టీ రొటేటర్ కఫ్. వయసుతో అరిగో, పడినప్పుడో, బరువు ఒక్కసారిగా ఎత్తినప్పుడో చిరుగుతుంది. గద్వాల మగ్గాల మీద రోజంతా చేయి ఆడించే నేతగాళ్లకు, వనపర్తిలో బస్తాలు మోసే హమాలీలకు ముప్పు ఎక్కువ.

చిరుగున్న భుజం పక్కకు ఒత్తిగిలితే రాత్రిపూట నొప్పి. తల దువ్వుకోలేరు. ఇంకొకరు లేపితే చేయి లేస్తుంది, సొంతంగా లేవదు; భుజం బిగుసుకుపోయే ఫ్రోజెన్ షోల్డర్‌లో ఎవరు లేపినా లేవదు. ఎక్స్‌రేలో చిరుగు కనబడదు, అల్ట్రాసౌండో ఎంఆర్‌ఐయో తీయాలి.

అరవై దాటిన చాలామందికి చిరుగున్నా నొప్పే ఉండదు కాబట్టి రిపోర్టు చూసి హడలిపోనక్కర్లేదు. ఎక్కువమందికి ఫిజియోథెరపీ చాలు. పడిన వెంటనే చేయి లేవకపోతే మాత్రం మర్దనలతో వారాలు గడపకూడదు: తెగిన స్నాయువు ముడుచుకుపోయాక కీహోల్ సర్జరీతో కుట్టడమూ కష్టమే. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ముందు అక్కడే ఎముకల డాక్టరుకు చూపించుకోవచ్చు.