కారుకు నీలిపొగ ఎందుకు వస్తుంది?

జ్వరం వచ్చిందని డాక్టరు దగ్గరకు వెళితే ఆయన వెంటనే మందు రాయడు. "ఎప్పటి నుంచి? పొద్దున ఉంటుందా, రాత్రికి పెరుగుతుందా? చలి కూడా వస్తోందా?" అని అడుగుతాడు. జ్వరం అనేది లోపల ఏదో జబ్బు ఉందని చెప్పే గుర్తు మాత్రమే. కారు సైలెన్సరు నుంచి వచ్చే పొగ కూడా అటువంటి గుర్తే. పొగను చూడగానే "టర్బో పోయింది, మార్చాలి" అని తేల్చేయడం, నాడి అయినా చూడకుండా మందు రాయడం వంటిది. టర్బో చాలా ఖరీదైన భాగం. తప్పు దానిది కానప్పుడు దాన్ని మార్చితే డబ్బు పోతుంది, పొగ మాత్రం పోదు. కారు నడుపుకొని బతికే కుటుంబానికి అది చిన్న నష్టం కాదు.

అసలు తప్పు ఎక్కడ ఉందో కనిపెట్టడానికి మీరు బడిలో చదువుకొనే భౌతికశాస్త్రమూ, కొంచెం ఓపికా చాలావరకు సరిపోతాయి. ఎలాగో చూద్దాం.

పొగకు రంగు ఎక్కడిది?

ఒక అగరువత్తి వెలిగించి, దాని వెనుక నల్లని గుడ్డ ఉంచండి. పక్క నుంచి వెలుతురు పడనివ్వండి. పైకి లేచే పొగ లేత నీలంగా కనిపిస్తుంది. పొగలోని కణాలు అతి సూక్ష్మమైనవి. తెల్లని కాంతిలో నీలిరంగు తరంగాలు పొట్టివి కాబట్టి సూక్ష్మకణాలు వాటిని ఎక్కువగా చెదరగొడతాయి. దీన్నే కాంతి పరిక్షేపణం అంటారు. ఆకాశం నీలంగా కనిపించడానికి కారణం కూడా పరిక్షేపణమే. అక్కడ ఆ పని చేసేవి గాలిలోని అణువులు.

ఇంజను ఆయిలు మంటలో పడితే కొంత కాలుతుంది, కొంత ఆవిరవుతుంది. ఆ ఆవిరి బయటికి వచ్చి చల్లబడి అతి సన్నని బిందువులుగా మారుతుంది. అందుకే అది నీలిపొగ. నీటి ఆవిరి చల్లబడి ఏర్పడే బిందువులు అంతకంటె పెద్దవి. అవి అన్ని రంగులనూ ఇంచుమించు సమానంగా చెదరగొడతాయి కనుక తెల్లగా కనిపిస్తాయి. ఇక మసి కాంతిని మింగేస్తుంది కనుక నల్లగా ఉంటుంది.

కాబట్టి నల్లపొగ వస్తే ఇంధనం ఎక్కువై, దానికి తగిన గాలి అందడం లేదన్నమాట. తెల్లపొగ చలికాలం ఉదయం కాసేపు కనిపించి పోతే భయం లేదు. ఇంజను వేడెక్కిన తర్వాత కూడా దట్టంగా వస్తూ ఉంటే, రేడియేటరులోని నీరు సిలిండరులోకి దిగుతోందేమోనని అనుమానించాలి. నీలిపొగ వస్తే ఆయిలు కాలుతోంది.

ఒక జాగ్రత్త. చల్లగా ఉన్న డీజిలు ఇంజను స్టార్టు చేయగానే కాలని డీజిలు కూడా ఇటువంటి పొగనే ఇస్తుంది. అందువల్ల రెండో సాక్ష్యం కావాలి. అది డిప్‌స్టిక్కు. ఆయిలు మట్టం వారం వారం తగ్గుతూ, ఇంజను కింద నేల మీద చుక్కలు కనిపించకపోతే అప్పుడు నమ్మండి.

టర్బో చేసే పని

ఇంజనులోకి ఎంత ఎక్కువ గాలి వెళితే అంత ఎక్కువ ఇంధనాన్ని కాల్చవచ్చు. సైలెన్సరు గుండా వృథాగా పోయే వేడి వాయువుల శక్తితోనే గాలిని లోపలికి నెట్టవచ్చునని ఊహించి, స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. 1962లో అమెరికాలో టర్బో కార్లు అమ్మకానికి వచ్చాయి. ఈనాడు డీజిలు కార్లతో పాటు చిన్న పెట్రోలు కార్లలో కూడా టర్బోలు ఉంటున్నాయి.

టర్బోలో ఒకే ఇరుసుకు రెండు చివరల రెండు రెక్కల చక్రాలు ఉంటాయి. ఒకదాన్ని వేడి వాయువులు తిప్పుతాయి. రెండోది దానితో పాటు తిరిగి గాలిని ఒత్తి ఇంజనులోకి పంపుతుంది. మన ఇంటి సీలింగు ఫ్యాను నిమిషానికి మూడు నాలుగు వందల సార్లు తిరుగుతుంది. టర్బో ఇరుసు నిమిషానికి 1,50,000 సార్లు కూడా తిరగగలదు. అంటే సెకనుకు 2,500 సార్లు! ఒకవైపు వాయువుల వేడి కొన్ని వందల డిగ్రీలు. ఇంత వేగంలో, ఇంత వేడిలో లోహం లోహాన్ని తాకితే నిలవదు. అందుకే ఇరుసు పలుచని ఆయిలు పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ ఆయిలు ఇంజను నుంచే పంపు ద్వారా వస్తుంది, పని ముగించి తిరిగి ఇంజను అడుగుకు జారిపోతుంది.

ఆయిలు తప్పించుకొనే అయిదు దారులు

ఆయిలు మంటలోకి చేరడానికి ముఖ్యంగా అయిదు దారులు ఉన్నాయి. ఒకటి, పిస్టను రింగులు అరిగితే కింద నుంచి. రెండు, వాల్వుల దగ్గరి సీళ్లు గట్టిపడితే పై నుంచి. మూడు, ఇంజను లోపలి ఆవిర్లను గాలిగొట్టంలోకి పంపే బ్రీదరు గొట్టం నుంచి. నాలుగు, టర్బోలో గాలిని ఒత్తే చక్రం వైపు నుంచి. అయిదు, టర్బోలో వేడి వాయువుల చక్రం వైపు నుంచి.

ఇందులో ఏ దారి? ముందుగా అడగవలసిన ప్రశ్న: పొగ ఎప్పుడు వస్తోంది?

రాత్రంతా నిలిపిన కారు పొద్దున స్టార్టు చేయగానే ఒక్కసారి గుప్పున వదిలి ఆగిపోయిందా? వాల్వు సీళ్ల మీద అనుమానం. రాత్రి ఆయిలు బొట్టు బొట్టుగా లోపలికి దిగి ఉంటుంది. తిరుమల ఘాట్ రోడ్డు వంటి చోట యాక్సిలరేటరు వదిలి చాలాసేపు దిగి, మళ్లీ తొక్కగానే వచ్చిందా? పెట్రోలు ఇంజనైతే ఇది కూడా వాల్వు సీళ్ల గుర్తే. యాక్సిలరేటరు వదిలినప్పుడు గాలిదారి మూసుకొని లోపల పీడనం తగ్గుతుంది, ఆయిలును లాగుతుంది. ఎత్తు ఎక్కుతున్నంతసేపూ, బరువు లాగుతున్నంతసేపూ ఆగకుండా వస్తోందా? రింగులను అనుమానించాలి. సిగ్నలు దగ్గర కొన్ని నిమిషాలు నిలిచి, కదలగానే మేఘంలా వచ్చిందా? అప్పుడు టర్బో వైపు చూడాలి.

అనుమానం వేరు, రుజువు వేరు

ఇప్పుడు మెకానిక్కు చేసే పరీక్షలు చూడండి. ఒక్కొక్క పరీక్ష ఒక్కొక్క దారిని మూసివేస్తుంది.

పెట్రోలు ఇంజను స్పార్కు ప్లగ్గులు విప్పి చూస్తారు. ఒక ప్లగ్గు మాత్రమే ఆయిలుతో తడిసి ఉంటే తప్పు ఆ సిలిండరులో ఉంది. ప్లగ్గులన్నీ పొడిగా, లేత గోధుమరంగులో ఉండి, పొగ మాత్రం వస్తుంటే? ఆయిలు సిలిండర్లలోకి రావడమే లేదు. సిలిండర్లు దాటిన తర్వాత ఎక్కడో కలుస్తోంది. అంటే అయిదో దారి!

తర్వాత సిలిండర్లలో పీడనం కొలుస్తారు. ఒకదానిలో తక్కువ ఉంటే ప్లగ్గు రంధ్రం గుండా ఒక చెంచా ఆయిలు పోసి మళ్లీ కొలుస్తారు. ఆ ఆయిలు రింగుల సందులను కాసేపు మూస్తుంది. పీడనం పెరిగితే రింగులు అరిగాయి. పెరగకపోతే లోపం వాల్వులలోనో గాస్కెట్టులోనో ఉంది.

ఇంజను ఆపి, టర్బోకు వెళ్లే గాలిగొట్టం విప్పుతారు. చాలా ఇంజన్లలో బ్రీదరు గొట్టం టర్బోకు ముందే కలుస్తుంది. కాబట్టి టర్బోకు ముందే గొట్టంలో ఆయిలు నిలిచి ఉంటే అది బ్రీదరు నుంచి వచ్చింది. ముందు పొడిగా ఉండి, తర్వాత మాత్రం తడిసి ఉంటే నాలుగో దారి. పలుచని జిడ్డు ఉండటం మామూలే, మడుగు కట్టడం మామూలు కాదు.

గడప తప్పా, తూము తప్పా?

సరే, టర్బో నుంచే ఆయిలు కారుతోందని తేలింది అనుకోండి. అప్పుడైనా టర్బో మార్చాలా? ఇక్కడే చాలామంది తొందరపడతారు.

టర్బో ఇరుసుకు రబ్బరు సీలు ఉండదు, ఆ వేడికి రబ్బరు నిలవదు. పిస్టను రింగు వంటి సన్నని లోహపు రింగు ఉంటుంది. అది ఆయిలును పూర్తిగా బిగించి ఆపలేదు. ఆయిలు ఎప్పటికప్పుడు కిందికి జారిపోతుంది కనుకనే ఆ రింగు సరిపోతోంది. మరి కిందికి పోయే గొట్టం మూసుకుపోతే?

స్నానాలగదిలో తూము పూడుకుపోయి, కుళాయి పారుతూనే ఉంటే నీరు గడప దాటి వస్తుంది. గడప పాడైందని కొత్త గడప వేయిస్తామా? తూము శుభ్రం చేస్తాం. టర్బో సంగతీ అంతే. ఆయిలు దిగే గొట్టం వంగిపోయినా, మాడిన ఆయిలు గడ్డకట్టి అడ్డుపడినా, బ్రీదరు పూడుకుపోయి ఇంజను లోపల పీడనం పెరిగినా, ఆయిలు మితిమీరి పోసినా, బాగున్న టర్బో కూడా కారుతుంది. అటువంటి కారుకు కొత్త టర్బో బిగిస్తే అది కూడా పొగ వదులుతుంది.

టర్బో నిజంగా చెడిందో లేదో తెలుసుకోవడానికి, చల్లారిన తర్వాత ఇరుసును వేళ్లతో కదిపి చూస్తారు. ఆయిలు పొర కోసం ఉంచిన సందు వల్ల పక్కలకు కొద్దిగా కదలడం సహజమే. రెక్కలు గోడను రాసుకొంటే మాత్రం అది పోయినట్లే. అప్పుడు కూడా "ఎందుకు పోయింది?" అని అడగాలి. ఆయిలు సకాలంలో మార్చకపోవడం, ఆయిలు తెచ్చే గొట్టం పూడటం తరచుగా కనిపించే కారణాలు. ఎత్తులెక్కి వచ్చిన వెంటనే ఇంజను ఆపితే ఆయిలు ప్రవాహం ఆగి, వేడి ఇరుసు మీద ఉన్నది మాడిపోతుంది. అందుకే ఒక నిమిషం నెమ్మదిగా తిరగనిచ్చి ఆపడం మంచిది.

నిర్లక్ష్యం చేస్తే

నీలిపొగను చూచీ చూడనట్లు వదిలేయకూడదు. ఆయిలులోని భాస్వరం సైలెన్సరు దారిలో ఉండే కెటలిటిక్ కన్వర్టరును పాడుచేస్తుంది. డీజిలు ఇంజనులో ఇంకా పెద్ద ప్రమాదం ఉంది. టర్బో నుంచి ఎక్కువ ఆయిలు గాలితో పాటు లోపలికి పోతే ఇంజను దాన్నే ఇంధనంగా వాడుకొంటుంది. తాళం తిప్పి డీజిలు ఆపినా ఇంజను ఆగదు, వేగం పెరుగుతూ పోయి పగిలిపోవచ్చు. అటువంటప్పుడు మీరు చేయవలసినది ఒక్కటే, దూరంగా వెళ్లిపోవడం.

పొగను గమనించడం కూడా దూరం నుంచే. వాసన చూడాలని గొట్టం దగ్గర వంగకండి. రంగు లేని, వాసన లేని కార్బన్ మోనాక్సైడు అందులో ఉంటుంది. మూసిన షెడ్డులో ఇంజను నడపనివ్వకండి.

ఇప్పుడు మీకొక ప్రశ్న. ఒక పెట్రోలు కారు సిగ్నలు దగ్గర నిలిచి కదలగానే నీలిపొగ వదులుతోంది. ప్లగ్గులన్నీ పొడిగా ఉన్నాయి. సిలిండర్లన్నిటిలో పీడనం సమానం. బ్రీదరు శుభ్రంగా ఉంది. ఆయిలు మట్టం గీత దాటలేదు. టర్బో ఇరుసు బాగానే ఉంది, కాని వేడి వాయువులు బయటికి పోయే వైపు ఆయిలు తడి కనిపించింది. మెకానిక్కును మొదట ఏ గొట్టం విప్పమంటారు? పైన చెప్పినది మళ్లీ ఒకసారి చదివితే జవాబు మీకే తెలుస్తుంది.