డబ్బా చిన్నదే, మేలు పెద్దది

డీజిల్ బండి టర్బో గొట్టం విప్పితే లోపల నూనె జిడ్డు కనబడటం మన డ్రైవర్లకు, గ్యారేజీ తమ్ముళ్లకు కొత్త కాదు. పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి దిగిన గ్యాసు ఆయిల్ తుంపరలను మోసుకుని, బ్రీదర్ గొట్టం గుండా మళ్లీ గాలి దారిలో కలుస్తుంది. దానికి ఈజీఆర్ మసి తోడైతే మానిఫోల్డులో తారులా పేరుకుంటుంది.

దీనికి విరుగుడు క్యాచ్ క్యాన్. మూత బిగుసుకునే లోహపు డబ్బాకు రెండు నిపుల్స్, అడుగున డ్రెయిన్ కాక్ బిగించి, లోపల స్టీలు జాలీ కూర్చి, బ్రీదర్ దారి మధ్యలో కలపాలి. గొట్టం ఆయిల్‌ను తట్టుకోవాలి, పాతదానికంటే సన్నగా ఉండకూడదు. జాలీ పోగులు టర్బోలోకి పోకుండా చిల్లుల రేకు అడ్డం పెట్టాలి.

దారి మూసుకుపోతే ఒత్తిడి పెరిగి సీళ్లు కారతాయి. డబ్బా నిండి పొంగితే ఆ నూనెనే ఇంజను తాగి, తాళం తిప్పి ఆపినా ఆగకుండా రేసవుతుంది. అది ప్రాణాల మీదికి తెస్తుంది. అందుకే వారం వారం చూసి ఖాళీ చేయాలి. త్వరత్వరగా నిండుతుంటే రింగులు అరిగాయేమో చూపించాలి. డబ్బా ఆ జబ్బుకు మందు కాదు.

మేము చెప్పే చివరి మాట: కంపెనీ బండైతే ఫోర్‌మన్ అనుమతి లేకుండా చెయ్యి పెట్టకండి. తేడా వస్తే మాట పడేది మనమే.