పరుగు ఆపేస్తే కండరాల్లో ఏం జరుగుతుంది? కానిస్టేబుల్ ఈవెంట్స్ స్పెషల్

ఈ ఎపిసోడ్ మన కర్నూలు, కడప గ్రౌండ్లలో పొద్దున్నే పరిగెత్తే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి.

2022 నవంబర్‌లో 6,100 కానిస్టేబుల్ పోస్టులకి నోటిఫికేషన్ వచ్చింది. 2023 జనవరి 22న ప్రిలిమ్స్. ఈవెంట్స్ మొదలైంది మాత్రం 2024 డిసెంబర్ 30న! మగవాళ్లయితే 1,600 మీటర్లు 8 నిమిషాల్లో కొట్టాలి. దాదాపు రెండేళ్ల గ్యాప్‌లో "డేట్ వచ్చినాక చూద్దాంలేబ్బా" అని పరుగు ఆపేస్తే ఏమవుతుంది? అదే ఈ రోజు టాపిక్.

మొదట పోయేది కండ కాదు, రక్తంలోని నీటి భాగం. అది తగ్గితే గుండె ఒక్కో కొట్టుకి పంపే రక్తం కూడా తగ్గుతుంది. 1984లో అమెరికాలో ఎడ్వర్డ్ కోయల్ బృందం బాగా ట్రైనింగ్ ఉన్న ఏడుగురిని 84 రోజులు పరుగులు, సైక్లింగ్ ఆపించి చూసింది. ఒంటికి ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ శక్తి 21 రోజుల్లోనే 7 శాతం పడిపోయింది. 56 రోజులకి 16 శాతం దగ్గర ఆగింది.

కండరం లోపల కథ వేరే. అక్కడ మైటోకాండ్రియా అని చిన్న చిన్న ఇంజిన్లు ఉంటాయి. కొవ్వుని ఆక్సిజన్‌తో కాల్చేది అవే. పని లేకపోతే శరీరం వాటిని తగ్గించేస్తుంది, మా కంపెనీల్లో ఖాళీ సర్వర్లని ఆపేసినట్టు. వాటి ఎంజైములు సుమారు రెండు నెలలు తగ్గుతూనే పోయాయి. అప్పుడు కండరం కొవ్వు వదిలేసి చక్కెర మీద పడుతుంది. అదే స్పీడుకి లాక్టేట్ ఎక్కువ పేరుకుంటుంది. అందుకే పాత స్పీడుతో మొదలుపెడితే రెండో రౌండ్‌కే కాళ్లు బరువెక్కుతాయి. ఇంకోటి, పరుగు ఆపినా సంగటి ముద్ద సైజు తగ్గదు కదా, ఆ మిగులు పొట్టకి చేరుతుంది.

ఇప్పుడు మంచి వార్త. కండరంలో పెరిగిన సన్న రక్తనాళాలు ఆ 84 రోజుల్లో తగ్గలేదు. ఎంజైములు కూడా, అసలు వ్యాయామం చేయనివాళ్ల కంటే 50 శాతం ఎక్కువ దగ్గరే నిలిచాయి. కానీ వాళ్లంతా ఏళ్ల తరబడి చేసినవాళ్లు. మూడు నెలలు పరిగెత్తి ఆపేసినవాడు అంత నిల్వ మీద ఆశ పెట్టుకోకూడదు.

మరి డేట్ తెలీకుండా రోజూ ఎట్లా పరిగెత్తేది? కూలికి పోవాలి, చదవాలి. రోజూ అవసరం లేదండీ. రాబర్ట్ హిక్సన్ 1980ల్లో చేసిన ప్రయోగాల్లో వారానికి ఆరు రోజుల ట్రైనింగ్‌ని రెండు రోజులకి తగ్గించినా, 15 వారాలు ఆ ఆక్సిజన్ శక్తి నిలబడింది. షరతు ఒక్కటే: తీవ్రత తగ్గకూడదు. తీవ్రత తగ్గిస్తే మాత్రం పడిపోయింది.

కాబట్టి నోటిఫికేషన్ల మధ్య వారానికి రెండు పొద్దులు చాలు, కానీ గట్టిగా. 400 మీటర్లు రెండు నిమిషాల లోపు, మధ్యలో కాస్త నడక, మళ్లీ 400. మన ఏప్రిల్, మే ఎండలకి మాత్రం ఆరు లోపే ముగించండి.