ఇంటి చిత్రశాలకు గోడవస్త్రము

వస్త్రమును బేరమాడి తెచ్చుట మన గృహిణులకు క్రొత్త విద్య కాదు. చీరకేది, రవికకేది, తలుపుతెరకేది, దిండుగలీబుకేది తగునో చేతితో తాకి చెప్పగలము. కాని గోడకు గుడ్డ కట్టవలసి వచ్చినపుడు దానిని కంటితోను చేతితోను గాక ఊపిరితో పరీక్షింపవలెనని మేము ఇటీవలనే నేర్చుకొంటిమి. నేర్చిన విధమును సోదరీమణులకు విన్నవించుటకే యీ వ్యాసము.

మా చెల్లెలి కాపురము హైదరాబాదున జూబ్లీహిల్సులో. చాలకాలము తెలుగు చిత్రములకు మదరాసు నిలయమై యుండెను. పిదప ఆ పరిశ్రమ క్రమముగా హైదరాబాదునకు తరలినది. 1976లో అన్నపూర్ణా స్టూడియో, తరువాత ఫిలింనగరులో రామానాయుడు స్టూడియో నెలకొని, రాతిగుండ్ల కొండలు చిత్రసీమ యైనవి. ఆ వాడలో నివసించువారికి ఇంటిలోనే యొక చిన్న చిత్రశాల అమర్చుకొనవలెనను కోరిక పుట్టుట వింత కాదు. మా మరదియు అట్లే 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గల గదిలో పెద్ద తెర, స్పీకర్లు, మెత్తని కుర్చీలు అమర్చెను. నేల చలువరాయి; ఒకవైపు నిలువెత్తు అద్దపు కిటికీ. గోడలకు ఎకౌస్టిక్ ప్యానెళ్లు, అనగా ధ్వనిని మ్రింగు పలకలు, తొమ్మిదింటిని బిగించిరి. వానిపై నిగనిగలాడు రెక్సిన్ వంటి గుడ్డను గృహాలంకరణ పనివారు తొడిగిరి. చూచినవారెల్లరు మెచ్చుకొనిరి.

మెచ్చనిది ఒక్క మా చెల్లెలి అత్తగారు మాత్రమే. ఎనుబదియేండ్లు దాటిన ఆ పెద్దమ్మకు చిత్రములన్న ప్రాణము. అయినను రెండునాళ్లు కూర్చుండి, మూడవనాటి నుండి ఆ గది గడప త్రొక్కుట మానివేసెను. "నాయనమ్మకు చెముడు ముదిరినది," అని పిల్లలు అనుకొనిరి. చెవి యంత్రమును మార్చి మరింత విలువైనది తెచ్చిరి. ఫలము లేకపోయెను. ప్రతిదినము సాయంకాలము ఇంటివారందరు ఆ గదిలో చేరుట, ఆమె ఒంటరిగా దేవుని గదిలో దీపము చెంత కూర్చుండుట పరిపాటి యయ్యెను.

మేము వేసవి సెలవులకు అచటికి వెళ్లినపుడు ఒక సంగతి కనిపెట్టితిమి. వంటయింటిలో మేము మెల్లగా పలికినను ఆమె సరిగా బదులు చెప్పుచుండెను. అదే మాట చిత్రశాలలో గట్టిగా పలికినను, "ఏమంటివమ్మా?" అని మరల అడుగుచుండెను. చెవి ఒక్కటే గదా! రెండు గదులలో రెండు విధములుగా వినిపించుటేల?

ఆ మాటే అడిగితిమి. ఆమె నవ్వి, "అమ్మాయీ, 1957లో 'మాయాబజార్' వచ్చినప్పుడు మా ఊరి టూరింగు టాకీసులో, గుడ్డ డేరాలో, నేలమీద కూర్చుండి చూచితిని. ఘటోత్కచుని మాట ఒక్కటియు జారిపోలేదు. ఈ పాలరాతి మేడలో మాట వినబడుచున్నది గాని మాటలు వినబడుట లేదు," అనెను.

ఆ పలుకులో శాస్త్రమంతయు ఇమిడియున్నదని మాకు మావారు తెలిపిరి. వారు పాఠశాలలో భౌతికశాస్త్రము బోధించువారు. గదిలో నిలిచి ఒక్క చప్పట కొట్టి, "వినుడు," అనిరి. చప్పట ఆగిన పిదపను గోడల నడుమ ఝల్లుమను మ్రోత క్షణకాలము నిలిచెను. డేరాలో గుడ్డగోడను దాటి ధ్వని వెలికి పోవును, తిరిగి రాదు. చలువరాయి, అద్దము, సున్నపుగోడ దానిని చెండువలె త్రిప్పికొట్టును. ఒక అక్షరము మ్రోత ఆరకమునుపే రెండవ అక్షరము వచ్చి దానిపై బడును. మన తెలుగు అజంతభాష. పదములు చాలవరకు అచ్చుతో ముగియును. ఆ అచ్చు సాగి, తరువాతి పదమందలి హల్లును కప్పివేయును. పడుచువారి చెవి ఊహతో పూరించుకొనును. వృద్ధుల చెవికి అది సాధ్యము కాదు. చెవి యంత్రము మాటతోపాటు మ్రోతను గూడ పెంచును. కావున యంత్రము మార్చిన ప్రయోజనమేమి?

ఈ విషయమును మొదట లెక్కకట్టి చూపినవాడు అమెరికా దేశమున హార్వర్డు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు వాలెస్ సెబైన్. 1895లో అచటి ఫాగ్ కళామందిరపు ఉపన్యాసశాలలో మాట తెలియుట లేదని అతనికి ఆ పని యప్పగించిరి. ఆ శాలలో మ్రోత ఐదు సెకండ్లకు పైగా నిలుచుచుండెను. అతడు దగ్గరి నాటకశాల నుండి కుర్చీ మెత్తలను రాత్రివేళ మోయించి తెచ్చి, పరచిన కొలది మ్రోత ఎంత తగ్గునో కొలిచి, తెల్లవారకముందే తిరిగి పంపించుచుండెను. తాను ధరించిన దుస్తులు సయితము లెక్కను మార్చుచున్నవని గ్రహించి ఒకే విధమగు దుస్తులు ధరించెనట! ఆ కృషిఫలముగ 1900లో బోస్టను నగరపు సంగీతశాల నిర్మాణమైనది. పరుపులు, తివాచీలు, దుస్తులు మన ఇండ్ల మ్రోతను తగ్గించుచున్నవని మనకు తెలియకయే అవి ఆ పని చేయుచున్నవి.

అట్లయిన మా చెల్లెలి యింట తొమ్మిది పలకలుండియు మ్రోత తగ్గదేల? ఒక పలకను దింపి, వెనుక మేకులు తీసి చూచితిమి. లోన రెండంగుళముల దళసరి గ్లాస్‌వూల్ చక్కగనే యున్నది. ధ్వని దాని సన్నని నూలు నడుమ చొరబడి, గాలి రాపిడిచే శక్తి క్షీణించి, అతిస్వల్పమగు వేడిగా మారవలెను. కాని పైనున్న గుడ్డకు ప్లాస్టికు పూత యుండెను. అతిథి లోనికి రాకుండ వాకిట తలుపు మూసినట్లయినది! ముఖ్యముగా క, చ, త, స వంటి హల్లుల సన్నని ధ్వని ఆ పూతపై తగిలి వెనుకకు మరలుచున్నది. లోపము పలకది కాదు, వస్త్రముది.

ఇక వస్త్రమును ఎంచు విధము. గుడ్డను పెదవులకు ఆనించి ఊదవలెను. ఊపిరి సులభముగ అవతలికి పోయినచో ధ్వనియు పోవును. బుగ్గలు ఉబ్బి ఊపిరి ఆగినచో అది గోడకు పనికిరాదు. మేము సికింద్రాబాదు జనరల్ బజారులో అంగడి యంగడికి వెళ్లి గుడ్డలను ఊదుచుండగా వర్తకులు విస్తుపోయిరి. మా చెల్లెలు సిగ్గుతో కొంగు అడ్డము పెట్టుకొనెను. పరీక్షలో తేలినదిది: రెక్సిన్, పూత పూసిన తెరగుడ్డ, దట్టమగు సాటిను తప్పినవి. మఖమలు దళసరియైనందున సగము ఊపిరినే పోనిచ్చెను. పలుచగ నేసిన నూలు, జనపనార గుడ్డ, వదులు నేతగల పాలియెస్టరు నెగ్గినవి.

ఊపిరి పరీక్ష నెగ్గినంతమాత్రమున చాలదు. కంటి పరీక్షయు కలదు. తెర చెంతనుండు గోడకు లేతరంగు, జరీ, మెరుపు తగవు. తెరనుండి వచ్చు వెలుగు గోడపై బడి తిరిగి తెరపైకే పోయి బొమ్మలోని నలుపును పాలిపోవజేయును. కావున ప్రక్కగోడల ఆరు పలకలకు నిగ్గులేని బూడిదవన్నె పాలియెస్టరు నిర్ణయించితిమి. అది వానకాలపు తేమకు సాగదు, జారదు. నూలుగుడ్డ తేమకు వదులై ఉబ్బును. కావున నూలు కట్టువారు ముందుగ తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీచేసి పిమ్మట బిగించవలెను.

కొలతలో మోసపోకుడు. మా పలక 48 అంగుళముల పొడవు, 24 అంగుళముల వెడల్పు, 2 అంగుళముల దళసరి. అంచులకును, వెనుకకు మడచుటకును కలిపి ఒక్కొక్క దానికి 56 అంగుళముల పొడవు, 32 అంగుళముల వెడల్పు గుడ్డ కావలెను. గుడ్డ పన్నా 54 అంగుళములైన ఆరు పలకలకు 9 మీటర్లు పట్టును. పన్నా 60 అంగుళములైనచో అడ్డముగ కోయవచ్చును. 5 మీటర్లే చాలును. మీటరు వెల చూచి మురియక పన్నాను అడుగవలెనని దీని భావము.

వెనుక గోడకు మూడు పలకలు మిగిలినవి. అది తెరకు దూరము. అచట కొంత రంగు ఉండవచ్చును. ఏది కట్టుదమాయని మేము ముచ్చటించుచుండగా అత్తగారు లోనికి పోయి, పెట్టెనుండి తన పోచంపల్లి నూలుచీరను తెచ్చి మా చేతిలో నుంచి, "దీనిని ఊదుడు," అనెను. పలుమార్లు ఉతికి మెత్తనైన ఆ చీరలో ఊపిరి గాలివలె పోయినది.

మా చెల్లెలి కన్నులలో నీరు తిరిగెను. "అత్తయ్యగారూ, మామయ్యగారు తెచ్చిన చీర! కత్తెర పెట్టుటకు నాకు చేతులు రావు," అనెను.

"నేనిక కట్టబోను. పెట్టెలోనున్న చిమ్మటలపాలగును. గోడనున్న రోజూ చూచుకొందును. కోయుమమ్మా," అని ఆమెయే కత్తెర నందించెను.

అయినను మేము వెంటనే కోయలేదు. నిప్పు సంగతి విచారింపవలసి యుండెను. 1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ చిత్రశాలలో 59 మంది మరణించిరి. పెక్కురు పొగకు ఊపిరాడక పోయినవారే. అచట నిప్పు పుట్టినది ట్రాన్స్‌ఫార్మరునందు గాని గోడవస్త్రమునందు కాదు. అయినను మూసియున్న చీకటిగదిలో పొగ యెంతటి మృత్యువో దానివలన తెలియుచున్నది. నూలు చప్పున అంటుకొనును. పాలియెస్టరు కరగి కారును. కావున పాలియెస్టరును మంటనాపు గుణముగల దానినే ధ్రువపత్రము చూచి కొంటిమి. చీరకు మంటనాపు ద్రావకము పట్టించితిమి. ముందుగ కొంగుచివర చిన్న ముక్కపై పూసి రంగు దిగదని నిర్ధారించుకొంటిమి. ఆ ముక్కనే ఆరుబయట, నీళ్లబకెట్టు ప్రక్కనుంచుకొని, పట్టకారుతో పట్టి నిప్పు చూపితిమి, నల్లబడి ఆరిపోయెను. అట్టి గుడ్డను మరల ఉతికినచో ఆ గుణము పోవచ్చును. దుమ్మును మెత్తని కుంచెతో దులుపుటయే మేలు. దీపములు, విద్యుత్తు తీగెలు గుడ్డకు తగులనీయరాదు. గదికి తలుపు లోననుండి సులువుగ తెరచుకొనవలెను.

పోచంపల్లి నేతలో నూలును కట్టి, రంగులద్ది, ఆపైన నేయుదురు. కావున చీర రెండువైపుల ఒకే తీరున నుండును. ఎండకు వెలసిన ముఖమును లోనికి త్రిప్పి, నిగారింపు గల ముఖమును వెలికి తెచ్చితిమి. చీర పొడవును 56 అంగుళముల చొప్పున కోయగా సరిగా మూడు పలకలు వచ్చినవి. పాతగుడ్డ బిగువుకు చినుగకుండ వెనుక పలుచని నూలుగుడ్డ నొకటి అస్తరుగ వేసి, రెండింటిని కలిపి మరల ఊది చూచితిమి. బిగించునపుడు మూలనుండి మొదలిడక, ప్రతి ప్రక్క నడిమినుండి ఆరంభించి, ఎదురుబొదురుగ లాగుచు మూలలకు పోవలెను. నవారు మంచము బిగించునట్లు. గ్లాస్‌వూల్ తాకువారు ముక్కునకు గుడ్డ, చేతులకు తొడుగులు ధరించవలెను. దాని నలుసు వెలికి రాకుండ పలుచని నల్లని అల్లికలేని గుడ్డనొకదానిని ముందుగ చుట్టవలెను.

పలకల స్థానమును గూడ మార్చితిమి. ఒకరు కుర్చీలో కూర్చుండగా మరియొకరు ప్రక్కగోడపై అద్దమును జరుపుచు పోవలెను. ఎచట స్పీకరు ప్రతిబింబము కూర్చున్నవారికి కనబడునో అచటనే ధ్వని మొదట తగిలి మరలును. అదియే పలక చోటు. నేలకు తివాచీ పరచి, అద్దపు కిటికీకి దళసరి తెర వ్రేలాడదీసితిమి. ఒక్కమాట మరువరాదు: ఈ పలకలు గదిలోని మ్రోతను తగ్గించునే గాని, ధ్వని పొరుగింటికి పోకుండ ఆపజాలవు. గోడలన్నియు కప్పివేసినను గది మూగవోయి, సంగీతము వెలవెలబోవును.

ఆ సాయంకాలము అత్తగారు గదిలోనికి వచ్చి నడిమి కుర్చీలో కూర్చుండిరి. మేము చప్పట కొట్టితిమి. మ్రోత చప్పున ఆరిపోయెను. 'మాయాబజార్' వేసితిమి. ఆమె చెవి పడుచువారి చెవి కాలేదు, రెండుమారులు "ఏమనెను?" అని అడిగెను. కాని ఘటోత్కచుడు రంగమునకు రాగానే, పిల్లలకంటె ముందుగ ఆమెయే నవ్వెను. మనుమడు ఆశ్చర్యముతో, "నాయనమ్మా, నీకు వినబడినదా!" అని అడిగెను. ఆమె బదులు పలుకక, వెనుక గోడనున్న చీరవైపు ఒకసారి చూచి, మరల తెరవైపు తిరిగెను.

సోదరీమణులారా! ఇంటిలో పెద్దలు ఒక గదికి రాకుండ తొలగిపోయినపుడు, వారి వయస్సును నిందించుటకు ముందు ఆ గదిలో నిలిచి ఒక్క చప్పట కొట్టి చూడుడు. లోపము వారి చెవియందు గాక మన గోడయందు ఉండవచ్చును.