ఆటయే ఔషధమైనప్పుడు

ఆట యనగానే కాలక్షేపమని తలచుట మనకు అలవాటు. కాని పక్షవాతముచే చేతిపట్టు తప్పిన రోగికి పేకముక్కలు పేర్చుట వ్రేళ్లకు సాధన, మనస్సునకు ధైర్యము. అమెరికాలో వృత్తిగా స్థిరపడిన ఈ వినోద చికిత్సను గూర్చి మేము రెండు మాటలు చెప్పదలచితిమి.

ఈ పనికి కలుపుగోలుతన మొక్కటే చాలదు. అచ్చట 1981లో ఏర్పడిన జాతీయ ధ్రువీకరణ మండలి ఒకటి గలదు. దాని గుర్తింపు కోరువారు సాధారణముగా ఈ శాస్త్రమున పట్టభద్రులై, అర్హుడైన చికిత్సకుని పర్యవేక్షణలో 14 వారములు, 560 గంటలకు తగ్గకుండ పనిచేసి, పరీక్షయందు ఉత్తీర్ణులు కావలెను. రోగి స్థితిని పరిశీలించుట, లక్ష్యమును నిర్ణయించుట, తగిన ఆటను ఎన్నుట, ఫలితమును కొలుచుట వారి విధానము.

గుర్తింపునకు స్నాతకోత్తర విద్య తప్పనిసరి కాదు. మరి దాని ప్రయోజనమేమి? రోగి కోలుకొన్నది ఆటవలననా, కేవలము కాలము గడచుటవలననా? ఈ ప్రశ్నకు సమాధానము రాబట్టు పరిశోధన పద్ధతి అచ్చట అలవడును.

రోగి నవ్వినచో సంతోషమే. అయినను, అతడు చొక్కా గుండీలు తానే పెట్టుకొనగలిగినాడా యన్నదే చికిత్సకు గీటురాయి.